కరుణ వదిన నోట నా మాట

ఖమీస్ ముషైత్, సౌదీ అరేబియా

ప్రియమైన జయక్కకు,

నీ చెల్లెలు సుగుణ వందనాలు. దేవుని దయవల్ల నేనూ మీ మరిదీ ఇక్కడ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ, బావా, పిల్లలూ, అమ్మా అక్కడ బాగున్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్లకు ఆ నూనె రాస్తున్నావా? చలికాలంలో మానకుండా రాయి. పెద్దోడి పరీక్షలు ఎలా జరిగాయో ఫోన్లో చెప్పలేదు నువ్వు. ఈసారైనా చెప్పు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. నీ ఫోను ఎప్పుడూ పిల్లల చేతిలో ఉంటుంది. నీ చేతికొచ్చినా స్పీకరు పెట్టి పొయ్యి దగ్గర నిలబడి మాట్లాడతావు. ఇవి స్పీకరులో చెప్పే సంగతులు కావు. మా పై అంతస్తులో ఉండే హైదరాబాద్ సలీమా ఆపా వాళ్లు ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లిపోతున్నారు. ఆమె చేతికిచ్చి అక్కడ పోస్టు చేయమంటున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదువుకో.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే చదువుతూ గుండె పట్టుకుంటావు. నాకు ఫిట్స్ ఉన్నాయని కరుణ వదినకు తెలిసిపోయింది. అత్తయ్యకు కూడా తెలిసింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేను బాగానే ఉన్నాను. చివరిదాకా చదివి అప్పుడు కంగారుపడు.

ఇక్కడ ఇప్పుడు చలి. ఎడారి దేశం అని మీరందరూ నాకు పలచటి చీరలు సర్ది పంపారు. ఈ ఊరు కొండల మీద ఉంది. పొద్దున్నే మబ్బు కిటికీ దాకా దిగుతుంది. మొన్న వడగళ్ల వాన పడి మీ మరిది బండి అద్దం పగిలింది. బయటికి వెళ్లాలంటే నల్ల అబాయా వేసుకోవాలి కాబట్టి చలికి అది కాస్త మేలే. కూరగాయలన్నీ దొరుకుతాయి, గోంగూర తప్ప. ఎవరైనా వచ్చేవాళ్లుంటే గోంగూర పచ్చడి పంపు, ఎండుమిర్చి తగ్గించి. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. మొదట్లో గోడలతో మాట్లాడేదాన్ని. ఇప్పుడు సలీమా ఆపా వచ్చి కూర్చుంటుంది. ఆమె వెళ్లిపోతే మళ్లీ గోడలే.

ఆమె వెళ్లడానికి కారణం ఆ లెవీ. ఇక్కడ భార్యనూ పిల్లలనూ దగ్గర పెట్టుకున్న ప్రతి ఒక్కరూ తలకింతని ప్రభుత్వానికి కట్టాలి. ఏటేటా అది పెరుగుతోంది. ఆమెకు ముగ్గురు పిల్లలు. మాకు నేనొక్కదాన్నే కాబట్టి నడుస్తోంది. పైగా ఏ కంపెనీలో ఎంతమంది సౌదీవాళ్లుండాలో లెక్కపెట్టారు. మీ మరిది పనిచేసే ఏసీల కంపెనీ ఆ లెక్కలో వెనకబడింది. ఎవరి ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, మళ్లీ వేస్తారో, ఎవరిని పంపేస్తారో తెలియదు. అందుకే ఈ ఏడాది బిడ్డ వద్దు, సంగతి తేలనీ అనుకున్నాం. ఇద్దరం కలిసే అనుకున్నాం.

గొడవంతా అక్కడి నుంచే మొదలైంది.

పిల్లలు పుట్టకుండా మాత్రల కోసం మీ మరిది నన్ను బజారు దగ్గర ఒక క్లినిక్‌కి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరుకు అరబ్బీ తప్ప రాదు. నాకు రాదు. ఇక్కడ మన ఆడవాళ్లందరికీ అంతే. మొగుడు పక్కన కూర్చుంటాడు. డాక్టరు అతణ్ణి అడుగుతాడు, అతను చెప్తాడు. నొప్పి నాకైతే ఎక్కడో ఆయన చూపిస్తారు. ఆ డాక్టరు నా వైపు చేత్తో చూపించి ఏదో అడిగారు. మీ మరిది "మాఫీ, మాఫీ" అన్నారు. లేదు లేదు అని. అంతవరకు నాకూ అర్థమవుతుంది.

బయటికొచ్చాక అడిగాను, ఏం లేదన్నారని.

"వేరే మందులేమైనా వాడుతోందా అన్నాడు. లేదన్నాను."

"వాడుతున్నాను కదండీ."

"అడిగినవన్నీ చెప్పక్కర్లేదు సుగుణా. ఇన్సూరెన్సు కంపెనీది. రేపు ఇకామా కాగితాల దగ్గర 'ఈమెకు జబ్బు' అని ఎవడో అన్నాడనుకో, ముందు మన పేరే కొట్టేస్తారు. ఇది ఆ జబ్బు మాత్ర కాదు కదా, పిల్లలు పుట్టకుండా మాత్ర. దానికీ దీనికీ ఏం సంబంధం?"

నాకూ సబబే అనిపించింది. ఒకటి తలకు, ఒకటి కడుపుకు. సలీమా ఆపా కూడా ఆ డబ్బా చూసి, "గదే సుగుణా, బిల్డింగుల అందరం గదే వేస్కుంటం. ఏం గాదు" అంది. ఆమెకు నా ఫిట్స్ మాత్రల సంగతి తెలియదు. మీ మరిదికి తప్ప ఎవరికీ తెలియదు. విమానం ఎక్కేటప్పుడు నువ్వే నా చెవిలో చెప్పావు గుర్తుందా, "ఆడపడుచు కరుణ నర్సు, మాత్రలు ఆమె కంట పడనీయకు" అని. పడనీయలేదు. బియ్యం డబ్బా వెనక పెట్టుకుని రెండు పూటలా వేసుకున్నాను.

కరుణ వదినను నువ్వు ఫొటోలోనే చూశావు. పెళ్లికి సెలవు దొరక్క రాలేకపోయింది. మనిషి పొడుగు, మాట కటువు. ఇక్కడి ఆస్పత్రిలో ప్రసూతి వార్డులో చాలా ఏళ్లుగా చేస్తోంది. పెళ్లి చేసుకోలేదు. శుక్రవారం సెలవు పడితే క్వార్టర్సులో చెప్పి మా ఇంటికొస్తుంది. రాగానే గిన్నెలు సరిగా తోమానో లేదో చూస్తుంది. తర్వాత, "ఏమన్నా విశేషమా?" అని అడుగుతుంది. వాళ్ల వార్డులోకి సౌదీ అమ్మాయిలను తీసుకుంటున్నారట. వచ్చే ఏడు కాంట్రాక్టు అయిపోతే మళ్లీ రాసేది లేదని ఈమెకు చెప్పేశారు. "ఊళ్లో వాళ్ల పిల్లలందరినీ నా చేతులతో బయటికి తీశాను. పోయేలోగా మా రత్నంగాడి బిడ్డను కూడా పట్టుకోనీ అమ్మాయ్" అనేది. నేను తల వంచుకుని టీ పెట్టేదాన్ని. మాత్రలు వేసుకుంటున్నానని ఆమెకు ఎలా చెప్పను?

రెండు మూడు నెలలు గడిచాయి. నెలసరికీ నెలసరికీ మధ్యలో కొంచెం కొంచెం మరక కనపడేది. కొత్తలో అందరికీ అలాగే ఉంటుందంది సలీమా ఆపా. తర్వాత ఒక నెల అసలు రాలేదు. ఆపాకు చెప్పాను. "నిలిచిందేమో. గట్లయితే ఇగ ఏ గోలీ వేస్కోకు. పిల్లకు పడదు" అంది. ఆమె మంచికే చెప్పింది. నాకు ఇంకో గోలీ ఉందని ఆమెకేం తెలుసు?

ఇంటికొచ్చి ఆలోచించాను. కడుపులో నిజంగా ఉంటే ఈ ఫిట్స్ మాత్ర దానికేం చేస్తుందోనని భయం. మానేస్తే నాకేమవుతుందోనని భయం. మీ మరిదికి చెప్తే ఆయన ముందే కంపెనీ గొడవలో సగమైపోయారు. ఎవరికీ చెప్పకుండా రెండు మాత్రలూ మానేశాను.

ఆ శుక్రవారం వదిన వచ్చింది. కోడికూర పొయ్యి మీద ఉంది. తర్వాత నాకేమీ గుర్తు లేదు. మీ మరిది చెప్పిందే రాస్తున్నాను. వంటింట్లో పడిపోయాను. వదిన ముందు పొయ్యి ఆపింది. నన్ను పక్కకు ఒత్తిగిలించింది. తన చున్నీ మడిచి తల కింద పెట్టింది. ఈయన పరుగెత్తి తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టబోయారట. మన ఊళ్లో అందరూ పెట్టేవాళ్లే కదా, నువ్వూ పెట్టావు.

"తాళాలు తీసెయ్ రా! అది తలుపనుకున్నావా?" అని కసిరిందట. "గడియారం చూడు. ఎంతసేపో చూడు. నోట్లో ఏమీ పెట్టకు, పట్టుకోకు. వదిలెయ్, అదే ఆగుతుంది."

ఆగింది. తెలివొచ్చేసరికి మంచం మీద ఉన్నాను. నాలుక కొరుక్కున్నాను, చెంప నొప్పి. వదిన పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. నీ మాటే గుర్తొచ్చింది అక్కా. అయిపోయింది, ఇక నన్ను పంపించేస్తారు అనుకున్నాను.

"ఇది మొదటిసారి కాదు కదా?" అంది.

కాదన్నాను.

"ఏ మాత్ర వేస్తున్నావు?"

చెప్పాను. ఎక్కడున్నాయో కూడా చెప్పాను. తీసుకొచ్చి అట్ట వెనక చదివింది. ఇంకేం వేసుకుంటున్నానో అడిగింది. అదీ చెప్పాను. ఎందుకు మానేశానో చెప్పాను. ఇక తిడుతుందని కళ్లు మూసుకున్నాను. ఆమె తమ్ముణ్ణి పిలిచింది.

"నీకు తెలుసా రా?"

"తెలుసు. పెళ్లిచూపుల్లోనే వాళ్ల నాన్న నన్ను పక్కకు పిలిచి చెప్పారు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"అమ్మ ఒప్పుకోదని."

"అమ్మ సంగతి తర్వాత. ఆ క్లినిక్ డాక్టరుకు చెప్పావా?"

ఏ మందులూ లేవు, మాఫీ అన్నానని ఆయన గొణిగారు.

"ఇన్ని వందల ఏసీలు చూస్తావు. ఒకదానికి కరెంటెంత ఇవ్వాలో చూసే ఇస్తావు కదా. పెళ్లాం దగ్గరికొచ్చేసరికి మాఫీ అన్నావా?"

ఆమె అరవలేదు. అరిచుంటే ఆయనకు తేలికయ్యేది. నా పూట మాత్ర నా చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, మింగేదాకా చూసింది. "దీన్ని మాత్రం నీ అంతట నువ్వు ఆపకు. ఏం జరిగినా ఆపకు. మిగతాది డాక్టరమ్మ దగ్గర తేల్చుకుందాం" అంది. అప్పుడు చల్లారిన కోడికూర వేడి చేసి ముగ్గురికీ వడ్డించింది. ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది.

మర్నాడే సెలవు అడిగి, తనకు తెలిసిన ఒక సూడాన్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఈ డాక్టరమ్మదీ అరబ్బీయే. వదిన మా ఇద్దరి మధ్యా కూర్చుంది. మీ మరిది అలవాటుగా కుర్చీ ముందుకు లాక్కున్నారు. డాక్టరమ్మ మొదటి ప్రశ్న అడగ్గానే ఆయన నోరు తెరిచారు.

"ఒరే రత్నం, నిన్నడగలేదురా. కూర్చో" అంది వదిన.

అక్కా, ఆ తర్వాత జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది చిన్న విషయమే. డాక్టరమ్మ అడుగుతుంది. వదిన దాన్ని నాకు తెలుగులో చెప్తుంది. నేను చెప్పింది అరబ్బీలో ఆమెకు చెప్తుంది. అంతే. కానీ మీ మరిది చెప్పినట్టు కాదు. డాక్టరమ్మ రెండు నిమిషాలు మాట్లాడితే వదినా రెండు నిమిషాలు చెప్పేది. నేను ఒక్క మాటంటే ఆమె ఒక్క మాటే. నేను నసిగితే నసిగానని కూడా చెప్పిందేమో, డాక్టరమ్మ మళ్లీ నెమ్మదిగా అడిగేది. ఎప్పుడు మొదలయ్యాయి, ఏ మాత్ర, ఎన్నాళ్లు ఆపాను, మొగుడు ఏం చెప్పాడు, అన్నీ నా నోటితోనే చెప్పించింది. ఆఖరి ప్రశ్నకు మీ మరిదే తల దించుకుని అరబ్బీలో, తనే లేదని చెప్పానని ఒప్పుకున్నారు. వదిన అది తెలుగులో నాకు చెప్పింది, నాకు తెలియనట్టు.

పరీక్ష చేశారు. రక్తం కూడా చూశారు. కడుపు లేదు.

నేను ఏడ్చాను. సంతోషమో మరేమిటో తెలియదు. వదిన మొహం వైపు చూడలేకపోయాను.

అప్పుడు డాక్టరమ్మ వివరంగా చెప్పింది. నా ఫిట్స్ మాత్ర ఒంట్లో లివరు చేత ఎక్కువ పని చేయిస్తుందట. దాంతో పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలోని మందు నిలవకుండానే వెళ్లిపోతుందట. మధ్యలో కనపడడం కూడా అందువల్ల కావచ్చట. ఇన్నాళ్లూ నేను వేసుకున్నది వేసుకోనట్టే. చేతి చర్మం కింద పెట్టే సన్నటి పుల్లలాంటిది ఉంటుందట, దానికీ ఇదే గతి. మందు నిలవకపోతే పోనీ అని సరిపెట్టుకోవడానికి లేదు, అది నిలవలేదని మనకు తెలిసేది కడుపు వచ్చాకే. అన్ని ఫిట్స్ మాత్రలూ ఇలా చేయవట, కొన్నే చేస్తాయి. ఏది వాడుతున్నామో పేరు చెప్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

నాకు కుదిరేవి మూడున్నాయంది. కాపర్ టీ, అది రక్తంలోకి వెళ్లే మందు కాదు కాబట్టి ఈ మాత్రతో పేచీ లేదు. అయితే నెలసరి ఎక్కువవుతుంది, మొదట్లో నొప్పి ఉంటుంది. అలాంటిదే లోపల మందున్నది ఇంకొకటి ఉంది, దాంతో నెలసరి తగ్గుతుంది, కానీ ఆ క్లినిక్‌లో లేదు, తెప్పించాలి. మూడోది కొన్ని నెలలకోసారి ఇంజెక్షను. అదీ పనిచేస్తుంది, కానీ ఆపాక పిల్లలు వెంటనే కలగకపోవచ్చు, ఎముకలకూ అంత మంచిది కాదు. మగవాళ్లు వాడేది కూడా ఉంది, అదొక్కటే నమ్ముకోవద్దు, ఈలోపు మాత్రం వాడమని చెప్పింది. వదిన ఇదంతా తమ్ముడి ముందే గొంతు తగ్గించకుండా చెప్పింది. ఆయన పైనున్న ఏసీ వైపే చూస్తూ ఉండిపోయారు, అందులో ఏదో చెడిపోయినట్టు.

"ఏది కావాలి అంటోంది" అంది వదిన.

నేను, "మీ ఇష్టం వదినా" అన్నాను.

ఆమె వెంటనే డాక్టరమ్మ వైపు తిరిగి ఏదో అంది. డాక్టరమ్మ పగలబడి నవ్వింది.

"ఏం చెప్పారు వదినా?"

"నువ్వన్నదే. 'మీ ఇష్టం' అంటోందని."

"ఎందుకు నవ్వింది?"

"పెట్టేది నాకా నీకా అని అడిగింది. నా మొహంలో ఏముంది అమ్మాయ్? అడుగుతోంది నిన్ను."

అప్పుడు నేను ఆలోచించాను. నిజంగా నాకేం కావాలి అని. ఇంకో మాత్ర గుర్తు పెట్టుకోవడం నాకు వద్దు. ఫిట్స్ మాత్రతో పేచీ పడేది వద్దు. తీయించుకుంటే బిడ్డ కలగాలి. నొప్పి నేను పడగలను. కాపర్ టీ అన్నాను.

డాక్టరమ్మ ఇంకొకటి అడిగింది. వదిన చెప్పడానికి కాస్త ఆగింది. ఆ రోజంతా ఆమె ఆగింది అక్కడొక్కచోటే.

"మీ ఇంట్లో బిడ్డ కోసం తొందరపడుతున్నది ఎవరు అంటోంది."

నేను నేల చూశాను.

"చెప్పు. దాచి దాచి ఇక్కడిదాకా వచ్చాం."

"అత్తయ్య" అన్నాను. తర్వాత, "మీరు" అన్నాను.

ఆమె అది కూడా చెప్పింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించి మరీ చెప్పింది, ఆ తొందర తనదేనని. డాక్టరమ్మ కళ్లజోడు తీసి ఆమె వైపు చూసింది. అప్పుడు నన్ను అడిగింది, ఎన్నాళ్లు వద్దనుకుంటున్నావని.

ఒక ఏడాది అందామనుకున్నాను, నిజం. వదిన వెళ్లే నాటికి మరీ దూరం కాకుండా ఉంటుందని. కానీ నాకు తెలుసు. మొన్న వచ్చిన ఫిట్ తర్వాత మళ్లీ కుదురుకోవాలి. నరాల డాక్టరుకు చూపించుకుని, మాత్ర ఎంత తగ్గించవచ్చో చూసుకోవాలి. డాక్టరమ్మ చెప్పింది, ఈ మాత్ర మీద ఉండి కూడా బిడ్డలను కన్నవాళ్లున్నారు, కాకపోతే ముందే డాక్టర్లతో అనుకుని, బిడ్డ నిలవకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటూ ఉండాలట. పైగా మేం ఇక్కడుంటామో ఊరికొస్తామో తేలాలి. ఇవన్నీ ఏడాదిలో అయ్యేవి కావు. వదిన కాంట్రాక్టు అయ్యేది వచ్చే ఏడు.

"రెండేళ్లు" అన్నాను.

వదిన డాక్టరమ్మకు చెప్పింది. రెండు వేళ్లు కూడా చూపించింది. గొంతు మారలేదు. ఏడాదిన్నర అనలేదు, చూద్దాం అనలేదు. నేను రెండేళ్లంటే ఆమె రెండేళ్లే అంది. నేనన్న మాట ఎవరికైనా బరువయిందంటే ఆ గదిలో ఆమెకే. ఆ మాటను ఆమే మోసుకెళ్లి అవతల పెట్టింది. అక్కా, మన ఇంట్లో నన్ను ప్రేమగా చూడనివాళ్లు లేరు. కానీ నా మాటను అలా చెప్పినవాళ్లు నాకు గుర్తు లేరు. అందరూ నా మంచికోసం కొంచెం మార్చి చెప్పినవాళ్లే.

తిరిగొచ్చేటప్పుడు బండిలో వెనక సీట్లో ఇద్దరం కూర్చున్నాం. "వదినా, మీరుండగా కాదేమో" అన్నాను.

"తెలుసు. లెక్కలు నాకూ వచ్చు" అంది. తమ్ముణ్ణి కేకేసి, "ఒరే, ఆ రొట్టెల కొట్టు దగ్గర ఆపు. పొద్దుటి నుంచీ పిల్ల ఏమీ తినలేదు" అంది.

నెలసరి వచ్చాక వెళ్లి పెట్టించుకున్నాను. ఫిట్స్ ఉన్న సంగతి ముందే చెప్పి ఉంచాం కాబట్టి మాత్ర వేసుకుని వచ్చానా, తిన్నానా అని అడిగి, నెమ్మదిగా చేశారు. వదిన తల దగ్గర నిలబడింది. నొప్పి ఉంది, అబద్ధం చెప్పను. రెండు రోజులు పడుకున్నాను. ఇప్పుడు తగ్గింది. నెలసరి ఎక్కువగానే అవుతోంది, దానికి ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఫిట్స్ మళ్లీ రాలేదు. మీ మరిది ఇప్పుడు పొద్దున్నే టీతో పాటు నా మాత్ర తనే తెచ్చిస్తున్నారు. ఇకామా గొడవ ఏమీ కాలేదు. ఏదైనా అయితే అప్పుడు చూద్దాం అంటున్నారు. సలీమా ఆపాకు కూడా చెప్పాను. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "అల్లా! నేనే గోలీ బందు చేయించినా?" అని ఏడ్చింది. తర్వాత వదిన సంగతంతా విని, "నీ వదిన నర్సా, జడ్జా?" అంది.

ఇక అత్తయ్య సంగతి.

పోయిన శుక్రవారం అత్తయ్య వీడియోలో ఫోను చేసింది. ఎప్పటిలాగే వదినకు చేసింది. నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"ఏమే కరుణా, ఈ నెలైనా మీ తమ్ముడి పెళ్లానికి నెల తప్పిందా? నర్సువై పక్కనే ఉండి ఏం చేస్తున్నావే?"

నేను వదిన వైపు చూసి తల అడ్డంగా ఊపాను. చేతులు కూడా జోడించాను. ఇంకా కాలేదమ్మా అని ఆమె అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. వదిన నన్ను చూసింది.

"అమ్మా, ఆ సంగతి నన్నడగకు. సుగుణ ఇక్కడే ఉంది. దాన్నే అడుగు" అని ఫోను నా చేతిలో పెట్టి, నా చేతిలో కత్తి తీసుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

చెప్పేశాను అక్కా. ఫిట్స్ సంగతీ, చిన్నప్పటి నుంచి ఉన్నాయనీ, మాత్రలతో అదుపులో ఉంటాయనీ, కాపర్ టీ పెట్టించుకున్నాననీ, రెండేళ్లనీ. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తయ్య వెనక టీవీ మోగుతోంది.

"మీ నాన్న దాచి పెళ్లి చేశాడా?" అంది.

"నాన్న దాచలేదు అత్తయ్యా. మీ అబ్బాయికి చెప్పాడు. మీకు తనే చెప్తానన్నది మీ అబ్బాయే."

"వాడికివ్వు ఫోను."

ఆయనకిచ్చాను. ఆయన గుమ్మం బయటికెళ్లి నిలబడి తిట్లు తిన్నారు. మళ్లీ నాకిచ్చారు.

"రెండేళ్లా?"

"అవునత్తయ్యా."

"అప్పటికి నేనుంటానో పోతానో."

"ఎక్కడికీ పోవులే. నాకంటే గట్టిగా ఉన్నావు" అంది వదిన, తల ఎత్తకుండా.

"నువ్వు నోర్ముయ్యవే" అంది అత్తయ్య. తర్వాత నాతో, "ఆదివారం గుళ్లో ఆరాధనయ్యాక మీ అక్క దగ్గరికెళ్తాను. ఆవిడేం చెప్తుందో వింటాను" అని పెట్టేసింది. కోపమో, బాధో నాకు తెలియలేదు. సరేనని మాత్రం అనలేదు. వద్దని కూడా అనలేదు.

మరి ఏ ఆదివారమో చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం ముందు నీకు చేరాలని దేవుణ్ణి అడుగుతున్నాను. ఆమె వస్తే లోపల కూర్చోబెట్టు. టీలో పంచదార తక్కువ వెయ్యి, ఆమెకు షుగరుంది. కంగారుపడి చేతులు పట్టుకోవద్దు. పిల్ల మంచిదండీ, తెలియక జరిగిందండీ అని నా తరఫున క్షమాపణ అడగొద్దు. ఒకటో రెండో సార్లు వచ్చాయంతే అని తగ్గించి చెప్పొద్దు. నీ అలవాటు నాకు తెలుసు, నా మీద ప్రేమతోనే చేస్తావు. ఫిట్స్ నిజమేనా అంటే నిజమేనని చెప్పు. ఎప్పటి నుంచి అంటే ఎప్పటి నుంచో చెప్పు. రెండేళ్లు ఎందుకని అడిగితే మాత్రం నువ్వు జవాబు చెప్పకు. సుగుణకు ఫోను కలిపిస్తాను, దాన్నే అడగండి అని చెప్పు. నేను ఎత్తుతాను.

బావకు, పక్కింటి పెద్దవాళ్లకు, సంఘంలో అడిగినవాళ్లందరికీ మా ఇద్దరి వందనాలు. పిల్లలకు ముద్దులు. అమ్మకు ఎంత చెప్పాలో నీకు తెలుసు, ఆమె దీవెన మాత్రం తప్పకుండా అడిగానని చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యి, కరుణ వదిన కోసం ఇంకొంచెం ఎక్కువ చెయ్యి.

నిన్నెప్పుడూ తలుచుకునే
నీ చెల్లెలు
సుగుణ